లేని మనుషులు కనిపించే డిమెన్షియా: భార్యను లేదా భర్తను చూసుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

డిమెన్షియా ఉన్న జీవిత భాగస్వామికి లేనివి కనిపించడం, వినిపించడం మొదలైన ఇళ్ళలో ఎక్కువగా తలెత్తే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. మందుల పేర్లు వచ్చిన చోట్ల అవి వైద్యుడితో మాట్లాడేటప్పుడు ఉపయోగపడడానికే తప్ప, ఇంట్లో మొదలుపెట్టడానికో మానేయడానికో కాదు.

మా వారు సాయంత్రమయ్యేసరికి గది మూలలో ఎవరో పిల్లలు కూర్చున్నారని అంటున్నారు. ఇది మతిమరుపులో భాగమా, లేక ఆయనకు మతి చలిస్తోందా?

జబ్బులో భాగమే కావచ్చు. డిమెన్షియా అంటే పేర్లు, తేదీలు మరచిపోవడం మాత్రమేనని చాలా మంది అనుకుంటారు. అందుకే భ్రాంతులు మొదలైనప్పుడు ఇదేదో కొత్త జబ్బు అని కంగారు పడతారు. కంటి నుంచి వచ్చే సమాచారాన్ని పోల్చుకొని అర్థం చేసుకునేది మెదడే కాబట్టి, ఆ భాగాలు దెబ్బతిన్నప్పుడు లేని మనిషి కూడా ఉన్నంత స్పష్టంగా కనిపించగలడు. 60 ఏళ్ళు దాటిన భారతీయులలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. భ్రాంతులు వీరందరికీ రావు. ఏ రకం డిమెన్షియా అన్నదాన్ని బట్టి అది మారుతుంది.

పిల్లలు, చిన్న జంతువులు, ముక్కూమొహం తెలియని మనుషులు, అదీ బట్టల రంగుతో సహా చెప్పగలిగినంత వివరంగా, మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే వైద్యులు ముందుగా అనుమానించేది లూయీ బాడీ డిమెన్షియాను. 1912లో ఫ్రెడరిక్ లూయీ మెదడు కణాలలో గుర్తించిన ప్రోటీన్ ముద్దల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఈ రకంలో వందలో 80 మంది వరకు ఇలాంటి దృశ్యాలు కనిపిస్తాయి. దానితో పాటు నడక నెమ్మదించడం, చేతులు బిగుసుకోవడం, ఒక పూట చురుకుగా ఉండి మరో పూట మొద్దుబారినట్లు ఉండడం, నిద్రలో కలలకు తగ్గట్టు చేతులు కాళ్ళు విసరడం కూడా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) వచ్చిన కొన్నేళ్ళకు వచ్చే డిమెన్షియాలోనూ ఇదే తీరు ఉంటుంది. అల్జీమర్స్‌లో భ్రాంతుల కంటే అనుమానాలు, నగలు పోయాయన్న ఆరోపణలు ఎక్కువ.

కనిపించడం, పొరబడడం, అనుమానించడం: అన్నీ ఒకటే కదా, తేడా తెలుసుకొని ఏం చేస్తాం?

చేసే పని మారుతుంది. మసకచీకట్లో తాడును చూసి పామనుకుంటే అక్కడ తాడు ఉంది. తాడు తీసేస్తే పాము కూడా పోతుంది. ఇది ఇంటిని సర్దడం ద్వారా తగ్గే సమస్య. అక్కడ ఏమీ లేకుండానే పాము కనిపిస్తే అది భ్రాంతి. దీనికి మాట, ఓదార్పు, అవసరమైతే వైద్యం కావాలి. ఎవరో తన మీద పాము వదలడానికి పన్నాగం పన్నుతున్నారని గట్టిగా నమ్మితే అది అపోహ. దీనిని వాదనతో తొలగించలేము. వైద్యుడి దగ్గర “ఏవేవో చూస్తోందండీ” అనడం కంటే ఈ మూడింటిలో ఏది జరుగుతోందో చెప్పగలిగితే ఆయన పని సగం తేలికవుతుంది.

నిన్నటి వరకు మామూలుగా ఉన్న ఆవిడ రాత్రికి రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేస్తోంది. జబ్బు ముదిరిందనుకోవాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్క సమాధానం మాత్రమే చదివే సమయం ఉంటే ఇదే చదవండి. డిమెన్షియా నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వచ్చిన మార్పును డెలీరియం అంటారు. దానికి వెనుక శరీరంలో ఏదో ఒక కారణం ఉంటుంది, చాలా సార్లు అది నయమయ్యే కారణమే. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, షుగర్ మరీ తగ్గడం, రోజుల తరబడి విరేచనం కాకపోవడం, ప్రోస్టేట్ వల్ల మూత్రం నిలిచిపోవడం, పైకి తెలియకుండా ఎముక విరగడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర: వీటిలో ఏదైనా కావచ్చు. ముసలివారిలో జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండగలదు కాబట్టి ఒళ్ళు చల్లగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. మే నెలలో మన ప్రాంతపు ఎండల్లో, దాహం వేస్తోందని చెప్పలేని మనిషికి రెండు రోజులు నీళ్ళు తక్కువైతే చాలు.

బీపీకి వాడే మూత్రం మాత్రల వల్ల సోడియం తగ్గడం మన ఇళ్ళలో తరచుగా చూసేదే. ఒక చిన్న రక్తపరీక్షతో అది తేలుతుంది. కేకలు వేయడమే కాదు, ఉన్నట్టుండి మగతగా, ముడుచుకొని, పిలిచినా సరిగా పలకకుండా పడుకోవడం కూడా డెలీరియమే. అందులో గొడవ లేదు కాబట్టి ఇంటివారు దానిని “ఇవాళ నిమ్మళంగా ఉంది” అనుకొని వదిలేస్తారు. నిజానికి ఇదే ఎక్కువ ప్రమాదకరం. రెండు సందర్భాల్లోనూ ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

మరో కారణం చెప్పడానికి కుటుంబాలు సిగ్గుపడతాయి. రోజూ మద్యం తాగే మనిషికి ఆసుపత్రిలో చేరడం వల్లనో, ఇంట్లో కట్టడి చేయడం వల్లనో అది ఒక్కసారిగా ఆగిపోతే, రెండు నుంచి నాలుగు రోజుల్లో వణుకు, చెమటలు, భయపెట్టే దృశ్యాలు మొదలవుతాయి. అల్‌ప్రజోలం, డైజిపాం వంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికి అది దొరకనప్పుడు ఇదే జరుగుతుందని తెలంగాణలోని ఆసుపత్రులకు బాగా తెలుసు. వైద్యుడికి దాచకుండా చెప్పండి. అది ప్రాణం నిలబెట్టే సమాచారం.

వాడుతున్న మందుల వల్ల కూడా లేనివి కనిపిస్తాయా?

కనిపిస్తాయి. ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం డిమెన్షియాలో ముందే తగ్గి ఉంటుంది. దానిని ఇంకా అడ్డుకునే మందులు భ్రాంతులను రేపుతాయి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, నిద్రకో నొప్పులకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్ ఈ కోవలోవి. ఉబ్బసానికి ఉమ్మెత్తతో చేసే నాటు మందుదీ అదే గుణం. పార్కిన్సన్స్ మందులు, ముఖ్యంగా ప్రమిపెక్సోల్, రోపినిరోల్, అమాంటడిన్, కొంతవరకు లెవోడోపా కూడా భ్రాంతులు కలిగించగలవు. నొప్పికి వాడే ట్రమడాల్, స్టెరాయిడ్లు, నిద్రమాత్రలను కూడా జాబితాలో చేర్చండి.

అలాగని మీరే ఆపేయకూడదు. లెవోడోపాను ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు కొయ్యబారి, తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. ఏది ముందు తగ్గించాలో, ఎంత మెల్లగా తగ్గించాలో న్యూరాలజిస్టు నిర్ణయిస్తారు. మీరు చేయవలసింది ఇంట్లో ఉన్న మందులన్నిటినీ, మోకాళ్ళ డాక్టరు ఇచ్చినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం, హోమియో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టడం. నలుగురు వైద్యులు రాసిన మందులను నలుగురిలో ఎవరూ కలిపి చూడకపోవడం మన దగ్గర మామూలు విషయమైపోయింది.

ఆ సమయంలో ఏమనాలి? ఉన్నారంటే అబద్ధమవుతుంది, లేరంటే గొడవవుతుంది.

ముందు ఆయన ముఖం చూడండి. భయం ఉందా, కోపం ఉందా, లేక ముచ్చటగా చూస్తున్నారా? కనిపించేది నిజమా కాదా అన్నదాని కంటే, అది ఆయనను బాధపెడుతోందా లేదా అన్నదే మీ జవాబును నిర్ణయించాలి. కనిపించిన పిల్లలను చూసి ఆయన నవ్వుకుంటుంటే సరిదిద్దవలసినది ఏమీ లేదు. “పిల్లలకు అన్నం పెట్టావా?” అని అడిగితే “అందరి భోజనాలూ అయ్యాయండీ, మీరే మిగిలారు, రండి వడ్డిస్తాను” అనవచ్చు. అందులో పెద్ద అబద్ధం ఏమీ లేదు.

భయపడుతున్నప్పుడు మాట మారాలి. “అక్కడ ఎవరూ లేరు, ఎన్నిసార్లు చెప్పాలి?” అంటే ఆయనకు అందేది ఒక్కటే: తన కళ్ళను తానే నమ్మకూడదు, పక్కనున్న మనిషి కూడా తన వైపు లేదు. “నాకైతే కనిపించడం లేదండీ, మీకు కనిపిస్తున్నట్టుంది, భయంగా ఉందా? నేను ఇక్కడే ఉన్నాను” అంటే మీరు నిజమే చెప్పినట్టు, ఆయన్ని కాదననట్టు కూడా. తర్వాత చెయ్యి పట్టుకొని గది మార్చండి, దీపం వేయండి, మజ్జిగ ఇవ్వండి. ఆ మూలనుంచి చూపు మళ్ళితే చాలాసార్లు దృశ్యం కూడా పోతుంది.

లూయీ బాడీ రకంలో తొలి ఏళ్ళలో చాలా మందికి తాము చూసేది నిజం కాదేమోనన్న ఎరుక ఉంటుంది. అలాంటివారు నేరుగా “అది నిజంగా ఉందా?” అని అడిగితే నేరుగా చెప్పాలి. వారిని ఏమార్చడం అవమానం. “లేదండీ, అది జబ్బు వల్ల కనిపిస్తోందని డాక్టరు గారు చెప్పారు కదా” అన్న మాట వారికి ఊరట. ఎరుక పోయిన తర్వాత ఆ మాటే వాదన అవుతుంది. ఈ మార్పును గమనించాల్సింది మీరే. ఏ పుస్తకమూ తేదీ వేసి చెప్పలేదు.

కర్రతో గాలిలో కొట్టడం, “పో, పో” అని అదిలించి తరిమేసినట్టు నటించడం గురించి అడుగుతారు. ఒకటి రెండు సార్లు పనిచేయవచ్చు కానీ, అక్కడ నిజంగా ఎవరో ఉన్నారని ఆయనకు రూఢి చేసినట్టవుతుంది. తప్పనిసరైతే తప్ప వద్దని నా అభిప్రాయం.

ఇంట్లో ఏమైనా మార్పులు చేస్తే తగ్గుతుందా?

పొరబాటుగా కనిపించేవి బాగా తగ్గుతాయి, అందుకే మందుల కంటే ముందు ఈ పని చేయాలి. సాయంత్రం చీకటి పడకముందే అన్ని గదుల్లో దీపాలు వేయండి. నీడలు పడే ఒంటి జీరో బల్బు కంటే గది అంతా సమంగా పరచుకునే కాంతి మేలు. దండెం మీద వేలాడే చొక్కా, తలుపు వెనుక తగిలించిన గొడుగు, కుర్చీ మీద మడతపెట్టని దుప్పటి మనుషుల్లా కనిపిస్తాయి. అద్దం ఉన్న బీరువాలో తన ప్రతిబింబాన్నే పరాయి మనిషి అనుకునేవారున్నారు. దాని మీద పాత చీర కప్పేస్తే గొడవ తీరుతుంది. దండ వేసిన పెద్దల ఫోటోల కళ్ళు తనవైపే చూస్తున్నాయని భయపడితే వాటిని కొంతకాలం మరో గదిలోకి మార్చడంలో అపచారమేమీ లేదు. చుక్కల గచ్చు మీద చీమలు, ఉప్మాలో ఆవాలు పురుగుల్లా అనిపించి తిండి మానేసేవారికి పోపు లేకుండా ఒకే రంగు పళ్ళెంలో వడ్డించి చూడండి. టీవీ సీరియల్‌లోని ఏడుపులు, అరుపులు నట్టింట్లో జరుగుతున్నట్టే తోస్తాయి.

కళ్ళ పరీక్ష మరవకండి. “ఈ వయసులో ఇంకేం చూస్తారులే” అని శుక్లం ఆపరేషన్ వాయిదా వేయడం, అరిగిపోయిన కళ్ళద్దాలతో నెట్టుకురావడం భ్రాంతులకు ఎరువు వేయడమే. చూపు బాగా తగ్గినవారికి, డిమెన్షియా ఏమాత్రం లేకపోయినా, వివరమైన దృశ్యాలు కనిపించవచ్చు. స్విట్జర్లాండ్‌కు చెందిన షార్ల్ బోనే 1760లో శుక్లాలున్న తన తాతగారి అనుభవాన్ని రాశాడు కాబట్టి దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. మాటలు వినిపిస్తున్నాయనేవారికి చెవి పరీక్ష కూడా అంతే ముఖ్యం.

“నువ్వు నా భార్యవు కాదు, ఆవిడ వేషం వేసుకొచ్చావు” అంటున్నారు. యాభై ఏళ్ళ కాపురం తర్వాత ఈ మాట వినడం ఎలా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు పట్టేసుకోని వారుండరు. బిడ్డలు చూసుకునే ఇంట్లో కంటే భార్యాభర్తలలో ఒకరు చూసుకునే ఇంట్లో ఈ దెబ్బ లోతుగా తగులుతుంది, ఎందుకంటే ఆ అపోహ తరచుగా అతి దగ్గరి మనిషి మీదకే వస్తుంది. 1923లో దీనిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ కాప్‌గ్రా పేరు దీనికి పెట్టారు. ముఖం గుర్తుపట్టే దారి ఒకటి, ఆ ముఖం చూడగానే “నా మనిషి” అన్న ఆత్మీయత కలిగే దారి మరొకటి. మొదటిది పనిచేసి రెండోది తెగిపోతే, ముఖం అదే కానీ మనిషి వేరు అనిపిస్తుందని దీనికి చెప్పే వివరణ. ప్రేమ తగ్గడం దీనికి కారణం కాదు.

పెళ్ళి ఫోటోలు చూపించి రుజువు చేయబోకండి. నెమ్మదిగా గదిలోంచి బయటికి వెళ్ళి, వంటింట్లోంచి మామూలు గొంతుతో “ఏమండీ, కాఫీ తాగుతారా?” అని పిలవండి. చిక్కు ముఖంతోనే కాబట్టి, కొందరు గొంతు వినగానే గుర్తుపడతారు. పక్క గదిలోంచి ఫోన్ చేసి మాట్లాడి, ఆ తర్వాత ఎదురుపడితే ఫలించిన ఇళ్ళూ ఉన్నాయి. అప్పటికీ పరాయిదానివే అంటే, ఆ కాసేపు పరాయి మనిషిగానే మర్యాదగా ఉండండి: “ఆవిడ వచ్చేస్తారండీ, అంతవరకు నేను మీకు తోడుంటాను.” స్నానం చేయించడం, బట్టలు మార్చడం ఆ సమయంలో పెట్టుకోవద్దు, పరాయి మనిషి ఒంటి మీద చెయ్యి వేస్తే ఎవరైనా తిరగబడతారు.

ఇంకొక అపోహ అక్రమ సంబంధం అంటగట్టడం. పాలవాడితో, పక్కింటాయనతో, ఆఖరికి వరసకు తమ్ముడయ్యేవాడితో కూడా ముడిపెట్టి మాట్లాడతారు. ఇది కొత్తదీ కాదు, మీ ఒక్కరిదీ కాదు. 1901లో అలోయిస్ అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరీక్షించిన 51 ఏళ్ళ ఆగుస్టె డెటర్‌లో మొదట బయటపడిన లక్షణాలలో ఒకటి భర్త మీద తీవ్రమైన అనుమానమే. ఇంటికి వచ్చిపోయేవారికి, పనిమనిషికి జబ్బు సంగతి ముందే చెప్పి ఉంచండి. పరువు పోతుందని దాచిపెడితే, ఆ మాటలు నిజమేమోనని జనం అనుకునే అవకాశం ఎక్కువ.

చనిపోయిన అమ్మ వచ్చి కూర్చుందని అంటోంది. పెద్దలు పిలుస్తున్నారని, గాలి సోకిందని బంధువులు భయపెడుతున్నారు. తాయెత్తు కట్టించమంటున్నారు.

డిమెన్షియాలో చనిపోయిన తల్లి, అన్నదమ్ములు కనిపించడం సర్వసాధారణం. అలా కనిపించిన తర్వాత ఏళ్ళ తరబడి బతికినవారు ఎందరో. దానిని మరణ సూచనగా తీసుకోవలసిన పని లేదు. అమ్మ రావడం ఆవిడకు సంతోషంగా ఉంటే “అమ్మ ఏమంది?” అని అడగండి, చిన్ననాటి ఊరి కబుర్లు బయటికి వస్తాయి, ఆ పూట హాయిగా గడుస్తుంది.

తాయెత్తు వల్ల నష్టం లేదు, ఇంట్లో పెద్దల మనసు కుదుటపడుతుందనుకుంటే కట్టుకోవచ్చు. ఒంటిని కష్టపెట్టేదేదీ మాత్రం ఒప్పుకోకూడదు: పొగ పెట్టడం, కొట్టడం, పస్తులుంచడం, మందులు ఆపించడం, రాత్రంతా మేలుకొలిపి ఉంచడం. డెలీరియంతో ఉన్న మనిషిని మూడు రోజులు భూతవైద్యుడి దగ్గర ఉంచితే, ఆ మూడు రోజుల్లో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిపోవచ్చు.

రాత్రిళ్ళు నిద్ర లేదు. ఆయన నిద్రలో తంతారు, లేచి దొంగలు పడ్డారంటారు.

నిద్రలో తన్నడం, కేకలు వేయడం కలలకు శరీరం కదలకుండా ఉండే ఏర్పాటు చెడిపోవడం వల్ల జరుగుతుంది. లూయీ బాడీ, పార్కిన్సన్స్ జబ్బులలో ఇది మతిమరుపు కంటే ఎన్నో ఏళ్ళ ముందే మొదలై ఉండవచ్చు. వెనక్కి తిరిగి ఆలోచిస్తే చాలా మంది భార్యలకు ఆ సంగతి గుర్తుకొస్తుంది. వేరే మంచం మీద పడుకోండి. దాంపత్యంలో దూరం పెరిగిందని ఎవరైనా అనుకుంటారేమో అన్న సంకోచంతో దెబ్బలు తినవద్దు. ఆయన పరుపును కింద వేయండి, పక్కన గాజు సామాను, మూలలున్న బల్లలు తీసేయండి. మెలటోనిన్ వంటి మందులు కొందరికి పనిచేస్తాయి, వైద్యుడిని అడగండి.

పగలు ఎండ తగిలేలా కాసేపు బయట కూర్చోబెట్టడం, మధ్యాహ్నం నిద్ర అరగంటకు కుదించడం, కాఫీ మధ్యాహ్నంతో ఆపడం, పడుకునే ముందు మూత్రానికి తీసుకెళ్ళడం వినడానికి చిన్న పనులు. కానీ రాత్రి లేపేది చాలాసార్లు మూత్రం, మలబద్ధకం, నొప్పి. లేచిన మనిషికి చీకట్లో దొంగ కనిపిస్తాడు. కత్తిపీట, కొడవలి, దుడ్డుకర్ర అందకుండా పెట్టండి, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆపండి, బండి తాళాలు దాచండి.

డాక్టరు మందు రాస్తానంటున్నారు. ఆ మందులు ప్రమాదమని విన్నాము.

భ్రాంతులకు ఇచ్చే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణాల ముప్పును సుమారు 1.6 నుంచి 1.7 రెట్లు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరించింది. 2008లో పాత తరం మందులకూ అదే వర్తింపజేసింది. అంటే ఎప్పుడూ వాడకూడదని కాదు. మిగిలినవన్నీ చేశాక కూడా మనిషి భయంతో నలిగిపోతుంటే, తిండి నిద్ర మానేస్తే, తనకో మీకో హాని చేసే పరిస్థితి వస్తే, అతి తక్కువ మోతాదుతో, కొద్ది వారాలకు మాత్రమే, తిరిగి ఎప్పుడు తగ్గించాలో ముందే మాట్లాడుకొని వాడతారు. ఆయన ప్రశాంతంగా పిల్లలను చూస్తుంటే, మీ మనశ్శాంతి కోసం ఆయనకు మందు వేయడం సరికాదు.

లూయీ బాడీ అనుమానం ఉన్నప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. హాలోపెరిడాల్ వంటి మందుల ఒక్క ఇంజెక్షన్‌తోనే వీరిలో కొందరు కొయ్యబారిపోయి, మింగలేక, స్పృహ తప్పి ప్రాణాపాయంలో పడతారు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అదే మార్గంలో పనిచేస్తాయి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో గొడవ చేస్తున్న ముసలాయనకు చేతికందిన ఇంజెక్షన్ ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి, “లూయీ బాడీ డిమెన్షియా ఉండవచ్చు, హాలోపెరిడాల్ ఇవ్వవద్దు” అని న్యూరాలజిస్టుతో ఇంగ్లీషులో రాయించుకొని ఫైలు మొదటి పేజీగా పెట్టుకోండి. ఈ రకంలో తప్పనిసరైతే క్వెటియపిన్‌ను, కొన్నిసార్లు రక్తకణాల పరీక్షలు చేస్తూ క్లోజపిన్‌ను ఎంచుకుంటారు. అసలు మొదట ప్రయత్నించదగినవి రివాస్టిగ్మిన్, డోనెపెజిల్. ఇవి జ్ఞాపకశక్తికి అని రాసినా, లూయీ బాడీలో భ్రాంతులను కూడా తగ్గించగలవు. వికారం, గుండె వేగం తగ్గడం వంటి ఇబ్బందులు గమనించాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో చూసి “నాన్న బాగానే ఉన్నాడు కదమ్మా, నువ్వే ఎక్కువ చెబుతున్నావు” అంటున్నారు.

వారు చూసిన పది నిమిషాలు నిజమే, మీరు చూసే ఇరవై మూడు గంటల యాభై నిమిషాలూ నిజమే. లూయీ బాడీ జబ్బులో తెలివి గంటగంటకు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పైగా వైద్యుడి ముందు, కొడుకు ముందు మనిషి ఉన్న శక్తినంతా కూడగట్టుకొని మామూలుగా మాట్లాడగలడు, ఆ తర్వాత మూడు గంటలు సోలిపోతాడు. రాత్రి రెండు గంటలకు జరిగేది వారికి తెలియాలంటే వారు వచ్చి వారం రోజులు ఉండాలి; అది కుదరకపోతే తేదీ, వేళ, ఏం కనిపించింది, అంతకుముందు ఏం తిన్నారు, ఏ మాత్ర వేశారు అని ఒక నోట్‌బుక్‌లో రాసి పంపండి. వైద్యుడికి ఉపయోగపడేదీ ఆ నోట్‌బుక్కే. ఆయన పరువు పోయేలా వీడియోలు తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. వైద్యుడికి చూపడానికి మాత్రమే ఉంచండి.

ఆర్నెల్లు అక్కడికే తీసుకెళ్తే మంచిది కదా అని పిల్లలు అంటున్నారు.

తొలి దశలో, తోడుగా ఒకరు వెంట వచ్చేటట్లయితే ఆలోచించవచ్చు. భ్రాంతులు మొదలయ్యాక వద్దనే నా సలహా. రాత్రీపగలూ తారుమారు కావడం, తెలియని ఇల్లు, చలికాలంలో సాయంత్రం ఐదింటికే పడే చీకటి, తెరలు లేని పెద్ద గాజు కిటికీలు రాత్రి అద్దాలుగా మారడం: ఇవన్నీ కలిసి ఉన్న కాస్త నిలకడనూ చెదరగొడతాయి. సందర్శకుల బీమా సాధారణంగా ముందే ఉన్న జబ్బులకు వర్తించదు. పిల్లలే విడతలవారీగా వచ్చి మీకు సెలవు ఇప్పించడం ఇంతకంటే మేలు.

ఎవరికి చూపించాలి?

న్యూరాలజిస్టుకు లేదా వృద్ధుల మానసిక వైద్యంలో అనుభవమున్న సైకియాట్రిస్టుకు. హైదరాబాదులో నిమ్స్, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, బెంగుళూరులో నిమ్హాన్స్ ప్రభుత్వ రంగంలో ఉన్నవి. జిల్లాల్లో బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు కూడా చూస్తాయి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు, మీ దిగులు గురించి కూడా. వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

బ్యాంకు పనులు, సంతకాలు?

ఎరుక ఉన్న తొలి రోజుల్లోనే చూసుకోవాలి. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. ఆ తర్వాత సంరక్షకుల నియామకానికి కోర్టుకు వెళ్ళవలసి ఉంటుంది. ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉమ్మడిగా మార్చుకోవడం, వీలునామా రాయడం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తన తరఫున చికిత్స నిర్ణయాలలో సాయపడే ప్రతినిధిని ఆయనే నియమించుకోవడం ముందుగా చేయదగినవి.

కొడుతున్నారు. ఇంకెంతకాలం ఇంట్లో ఉంచుకోగలనో తెలియడం లేదు. ఆసుపత్రికో హోముకో పంపితే లోకం ఏమంటుంది?

చెయ్యి ఎత్తినప్పుడు ఆపబోకండి, చేతులు పట్టుకోబోకండి. తలుపు వైపు మీరు ఉండేలా నిలబడి, గదిలోంచి బయటికి వచ్చేయండి. పక్కింటివారిలో ఒకరికి ముందే చెప్పి ఉంచండి. ప్రమాదం అనిపిస్తే 112కు ఫోన్ చేయడంలో తప్పు లేదు. కొట్టడం కొత్తగా మొదలైతే నొప్పి, ఇన్ఫెక్షన్, మందు మార్పు కోసం మళ్ళీ వెతకాలి. పిప్పి పన్ను వల్ల తిరగబడ్డవారు కూడా ఉంటారు.

చూసుకునేవారు తరచుగా తామూ డెబ్బై దాటినవారే, తమకూ బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారే. జీవితంలో ఎన్నడూ పొయ్యి వెలిగించని భర్త డెబ్బై ఐదేళ్ళకు భార్యకు అన్నం కలిపి పెట్టడం, జడ వేయడం నేర్చుకుంటాడు. ఆవిడ స్నానానికి ఆడ అటెండెంటును పెట్టుకోవడం ఇద్దరి మర్యాదకూ మంచిది. వారంలో రెండు రాత్రులైనా మరొకరు మేలుకొని మీరు నిద్రపోయే ఏర్పాటు ఉంటే ఇంట్లో చూసుకోగలిగే కాలం పెరుగుతుంది. అది లేకుండా త్యాగం పేరుతో నెట్టుకొస్తే, ముందుగా ఆసుపత్రి పాలయ్యేది మీరే కావచ్చు, అప్పుడు ఆయనను ఏ సంసిద్ధతా లేకుండా తెలియని చోట దింపవలసి వస్తుంది.

హోమును ఎంచుకోవలసి వస్తే గదులు, భోజనం కంటే ముందు మూడు విషయాలు అడగండి: రాత్రి వేళ ఎంతమందికి ఒక మనిషి ఉంటారు, గొడవ చేస్తే ఏం చేస్తారు, కట్టేయడమో మత్తు ఇవ్వడమో చేస్తారా. చెప్పకుండా సాయంత్రం ఏడు గంటలకు వెళ్ళి చూడండి. చీకటి పడ్డాక అక్కడ దీపాలు ఎలా ఉన్నాయో, భయపడిన మనిషితో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో అప్పుడే తెలుస్తుంది.